విమానమును కట్టువారెవరు?

2023వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఎయిరిండియా సంస్థ 470 విమానములకును, ఆ యేడే జూన్ నెలలో పారిస్ విమాన ప్రదర్శనమునందు ఇండిగో సంస్థ 500 విమానములకును ఆర్డరు లిచ్చినవి. అయిదు నెలలలో ఒక్క దేశమునుండియే వేయికి ముప్పది తక్కువ! పత్రికలు ఆ వార్తలను పెద్ద అక్షరములతో ప్రకటించినవి. దేశమునకు రెక్కలు వచ్చినవని మురిసినవారును కలరు. కాని ఆ ప్రకటనల అడుగున నున్న మరియొక సంగతిని గమనించినవారు తక్కువ. ఇండిగో కోరిన ఆ 500 విమానములు 2030, 2035 సంవత్సరముల మధ్య అందవలసినవి. అనగా ఆ వార్త వచ్చిన యేట ఆరవ తరగతిలో చేరిన బాలుడు ఇంటర్మీడియట్ పరీక్ష వ్రాసి బయటికి వచ్చునప్పటికి వానిలో మొదటిది రావలయును. ఆ గడువైనను నిలుచునో లేదో అప్పటికి గాని తెలియదు.

కొనువాడు కలడు. ఎక్కువాడు కలడు. బ్యాంకులు అప్పిచ్చుటకు సిద్ధముగా నున్నవి. అమ్మువాడు చేతులు చాచి నిలిచియున్నాడు. మరి వస్తువేది? ఫ్రాన్సు దేశమున తులూజ్ నగరము ముఖ్యస్థానముగా గల ఎయిర్‌బస్ సంస్థ చేతిలో 2024 చివరికి 8,658 విమానముల ఆర్డరులు మిగిలియుండెను. ఆ యేడాది అది కట్టి అప్పగించినవి 766. భాగహారము నేర్చిన విద్యార్థి యెవడైనను ఇది పదునొకండు సంవత్సరములకు మించిన పని యని చెప్పగలడు. ఇదే సంస్థ 2019లో 863 విమానముల నిచ్చినది. 2025లో ఇచ్చినవి 793. ఆరేండ్లు గడచినను పూర్వపు గీతను అందుకొనలేదు. అమెరికాకు చెందిన బోయింగ్ సంగతి ఇంకను విచారకరము. 2018లో 806 విమానముల నిచ్చిన ఆ సంస్థ 2024లో 348 మాత్రమే ఇయ్యగలిగినది.

దీనికి సాధారణముగా చెప్పు కారణములు మూడు. కోవిడ్ మహమ్మారి వచ్చినది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధము వచ్చినది. 2024లో బోయింగ్ కార్మికులు ముప్పదిమూడు వేలమంది 53 దినములు సమ్మె చేసిరి. ఈ మూడును నిజములే. కాని తుపానులో ఇల్లు కూలినప్పుడు తుపానును నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ప్రక్క ఇల్లు ఏల నిలిచినదో, కూలిన యింటి గోడలో ఇటుకల మధ్య సున్నమున్నదో లేదో చూడవలయును. ఈ పరిశ్రమ గోడలో సున్నము ఎప్పుడో తగ్గినది. మహమ్మారికి పూర్వమే, యుద్ధమునకు పూర్వమే తగ్గినది. విమానము మీద పేరు వ్రాసికొను సంస్థలు, కట్టుట అనునది ఒక విద్య యని మరచి, అది యొక కొనుగోలు వ్యవహారమని తలచిన నాటినుండి ఈ కష్టము ప్రారంభమైనది.

విమానము ఎట్లు తయారగునో ముందు తెలిసికొనుట మంచిది. 747 అను పెద్ద విమానమునందు భాగములు 60 లక్షలు. అందు సగము బోల్టులు, రివెట్లు మొదలగు బిగింపు వస్తువులే. 787 అను విమానమునందు భాగములు సుమారు 23 లక్షలు. వీనినన్నిటిని ఒక్క కర్మాగారమున చేయుట ఏ సంస్థకును సాధ్యము కాదు. 737 అను విమానపు మొండెము అమెరికా మధ్యభాగమున కాన్సాస్ రాష్ట్రములోని విచిటా నగరమున తయారై, రైలుబండి మీద పడమటి తీరమున సియాటిల్ సమీపమందలి రెంటన్ అను చోటికి పోవును. రెక్కలు, తోక, ఇంజనులు అచ్చట తగిలింతురు. 2014 జూలైలో ఆ రైలు మోంటానా రాష్ట్రమున పట్టాలు తప్పగా మూడు మొండెములు జారి నదిలో పడినవి. పచ్చని పూతతో, కిటికీల రంధ్రములతో, తలలేని చేపలవలె ఏటి యొడ్డున పడియున్న ఆ మొండెముల ఛాయాచిత్రములు అప్పుడు లోకమంతట వ్యాపించినవి. చూచినవారు నవ్వుకొనిరి, కాని విమానము ఎవరిది, ఎక్కడిది అను ప్రశ్నకు అంతకంటె స్పష్టమైన పాఠ్యచిత్రము మరియొకటి దొరకదు.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దలు విమానమును కట్టి చూడలేదు గాని, వారు చెప్పిన కష్టము ఇదియే. పందిరి వేసిరి, మేళము వచ్చినది, వంట పూర్తియైనది, వరుడు పీటల మీద కూర్చున్నాడు. మంగళసూత్రము చేయు కంసాలి మాత్రము రాలేదు. ముహూర్తము ఆగవలసినదే కదా! 2025 జూన్ చివర ఎయిర్‌బస్ ఆవరణలలో సుమారు అరువది విమానములు సర్వాలంకారములతో నిలిచియుండెను. వానికి ఇంజనులు లేవు. ఎగురలేని ఆ విమానములను అచ్చటివారు గ్లైడరులని పరిహాసముగా పిలుతురు. మరికొన్ని సందర్భములలో ఇంజనులు వచ్చినవి గాని కుర్చీలు రాలేదు. మరుగుదొడ్లు రాలేదన్న కారణమున కూడ కోట్ల డాలర్ల విమానములు ఆలస్యమైనవి. ఈ కల్యాణమునందు చిన్న వస్తువని దేనిని అనుటకును వీలులేదు.

సాధారణముగా జనులు ఈ సరఫరాను ఒక చెట్టుగా ఊహింతురు. పైన ఒక్క కాండము. క్రిందికి పోయినకొలది వేళ్ళు వేలకొలది. ఒక వేరు తెగినను మరియొకటి నీరు తెచ్చును. ఈ యూహ సగమే సత్యము. మొదటి రెండు మూడు మెట్ల వరకు వేళ్ళు విస్తరించును గాని, ఇంకను లోతునకు దిగినచో అవి మరల సన్నగిల్లి ఒకటి రెండు వేళ్ళ మీదనే నిలుచును. ఏబది వేల టన్నుల బలముతో లోహమును ఒత్తి రూపు దిద్దు ప్రెస్సులు అమెరికాలో 1950 ప్రాంతమున అచ్చటి వాయుసేన ప్రోత్సాహమున నిర్మింపబడినవి. అట్టివి రెండే. ఒకటి ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లాండ్ నగరమున, మరియొకటి మసాచుసెట్స్ రాష్ట్రమందలి గ్రాఫ్టన్‌లో నున్నది. విమానపు ఎముకలనదగిన పెద్ద భాగములు అచ్చట రూపొందును. 2008లో క్లీవ్‌లాండ్ ప్రెస్సునకు బీటలు పడినవి. దానిని తీసివేసి క్రొత్తది కట్టుటయా, పాతదానినే బాగుచేయుటయా యని తర్జనభర్జన జరిగి, చివరకు బాగుచేయుటయే నిశ్చయమై, అది మరల పనికి వచ్చునప్పటికి 2012వ సంవత్సరము వచ్చినది. తాతలనాటి యంత్రము మీద మనుమల విమానములు ఆధారపడియున్నవని ఎందరు ప్రయాణికులకు తెలియును?

టైటానియము కథయు అట్టిదే. ఉక్కువలె దృఢమై, దానికంటె తేలికయై, వేడికి లొంగని ఈ లోహము లేక నేటి విమానము లేదు. ఉరల్ పర్వతముల చెంత వెర్ఖ్నయా సల్దా అను చిన్న పట్టణమునందలి ఒక్క కర్మాగారము ప్రపంచమునకు చిరకాలము దీనిని అందించినది. 2022 మార్చిలో యుద్ధకారణమున బోయింగ్ ఆ కొనుగోలును నిలిపినది. ఒక ద్వారము మూసికొనగా సరుకు కొఱకు నలుదిక్కుల వెదకవలసివచ్చినది. తరువాత రెండేండ్లకు, కల్పిత పత్రములతో వచ్చిన టైటానియము కొన్ని విమాన భాగములలో చేరినదని బయటపడినది. లోహము మంచిదే కావచ్చును; కాని దాని జన్మపత్రిక అబద్ధము. విమానపు పనిలో లోహమునకు ఎంత విలువయో దాని వెంట వచ్చు కాగితమునకును అంత విలువ. భీమునిపట్నము తీరపు ఇసుకలో టైటానియము పుట్టు ఇల్మనైట్ ఖనిజమున్నది. హైదరాబాదునందు 1973లో స్థాపింపబడిన మిశ్ర ధాతు నిగమము ఆ లోహపు మిశ్రమములను తయారుచేయుచున్నది. ఇసుకకును రెక్కకును నడుమ ఎంత దూరమున్నదో అచ్చట పనిచేయువారి నడిగినచో తెలియును. ఆ దూరము కిలోమీటర్లలో లెక్కింపదగినది కాదు.

2025 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా రాష్ట్రమున జెంకిన్‌టౌన్ అను ఊరి చెంత ఒక కర్మాగారము తగులబడినది. అందులో చేయునవి విమానముల బిగింపు వస్తువులు. ప్రాణనష్టము లేదు గాని, ప్రపంచమునందలి విమాన సంస్థలన్నియు ఉలికిపడి తమ గిడ్డంగులలోని బోల్టులను లెక్కపెట్టుకొనవలసివచ్చినది. బజారులో వేరొక బోల్టు దొరకదా యని విద్యార్థి అడుగవచ్చును. దొరకును, కాని విమానమునకు బిగింపదగినది దొరకదు. క్రొత్తగా ఒకడు దానిని చేయవలెనన్నచో తన లోహమును, యంత్రమును, వేడిచేయు పద్ధతిని, పనివాని యోగ్యతను, ప్రతి దానిని పరీక్షింపజేసికొని అనుమతి పొందవలయును. ఇది నెలలతో కూడిన పని; కొన్నింటికి ఏండ్లు పట్టును. ఈ కట్టుబాటు అనవసరమని ఎవరును అనజాలరు. ఆకాశమున ఊడిన బోల్టును వెనుకకు పోయి బిగించుట లేదు.

ఇంతవరకు చెప్పినది పరిశ్రమ స్వభావము. దోషమేమియు లేకున్నను ఈ కష్టములుండును. ఇక దోషము సంగతి.

2001వ సంవత్సరమున బోయింగ్ సంస్థలోనే పనిచేయుచుండిన హార్ట్‌స్మిత్ అను ఇంజనీరు, సంస్థవారి సాంకేతిక సభలో ఒక వ్యాసము సమర్పించెను. పనిని బయటివారికి అప్పగించినకొలది లాభము కూడ పనివెంట బయటికే పోవుననియు, పెట్టుబడి తగ్గినదని సంతోషించు సంస్థ చివరకు బయటివారి తప్పులను దిద్దు ఖర్చును తానే భరింపవలసివచ్చుననియు దాని సారము. ముక్కలను తెచ్చి కూర్చుటయే తన వృత్తిగా చేసికొన్న సంస్థకు మిగులు లాభము స్వల్పము. బాధ్యత మాత్రము సమగ్రము. ఈ హెచ్చరిక బయటినుండి వచ్చినది కాదు. ఇంటి పెద్దకొడుకు చెప్పినట్టి మాట. ఆ సంవత్సరమే సంస్థ తన ముఖ్యకార్యాలయమును కర్మాగారములున్న సియాటిల్ నుండి రెండువేల మైళ్లకు పైగా రహదారి దూరమున నున్న చికాగోకు తరలించినది. పొలము కౌలుకిచ్చి పట్నమున మేడ కట్టుకొన్న భూస్వామికి పంట లెక్క కాగితము మీద కనబడును. చేనికి పట్టిన చీడ కనబడదు.

2004లో ప్రారంభమైన 787 విమానము ఈ కౌలు వ్యవసాయమునకు పరాకాష్ఠ. రెక్కలు జపానునందు నగోయాలో, మొండెపు ముక్కలు కొన్ని జపానులో, కొన్ని ఇటలీలో, కొన్ని దక్షిణ కెరొలైనాలో, ముక్కుభాగము విచిటాలో. వీనిని మోయుటకు 747 విమానములను గర్భిణివలె ఉబ్బజేసి ప్రత్యేకముగా సిద్ధపరచిరి. చేయువారే తమ భాగమునకు పెట్టుబడి పెట్టవలయును, చాలవరకు రూపకల్పనయు వారే చేయవలయును. వారు మరల తమ క్రింది గుత్తదారులకు ఇచ్చుకొనవచ్చును. బోయింగ్‌వారు వచ్చిన పెద్ద ముక్కలను కొద్ది దినములలో అతికించి పంపుదురట! 2007 జూలై 8వ తేదీన, అమెరికావారు తేదీని నెలతో మొదలుపెట్టి వ్రాయు పద్ధతిలో 7-8-7 అని వచ్చునట్లు ముహూర్తము పెట్టుకొని, వేలమంది యెదుట విమానమును బయటికి తెచ్చిరి. చప్పట్లు మ్రోగినవి. లోపల అది డొల్ల. తగిన బోల్టులు దొరకక తాత్కాలికపు బిగింపులతో నిలిపియుంచిన బొమ్మకొలువు అది. 2001 తరువాత విమానముల గిరాకి పడిపోయినప్పుడు బోల్టులు చేయు కంపెనీలు పనివారిని తీసివేసినవి. గిరాకి మరల వచ్చునప్పటికి చేతులు లేవు. రెండు నెలలలో ఎగురవలసిన ఆ విమానము 2009 డిసెంబరు 15న ఎగిరినది. 2008 మే నెలలో జపానువారికి అందవలసినది 2011 సెప్టెంబరులో అందినది. ఈ నడుమ దక్షిణ కెరొలైనాలోని మొండెపు కర్మాగారమును 2009లో బోయింగ్‌వారే కొనవలసివచ్చినది. హార్ట్‌స్మిత్ వ్రాసిన లెక్క ఎనిమిదేండ్లకు తేలినది.

పనిని పంచుటయే పాపమని దీని అర్థము కాదు. అట్లనుట తొందరపాటు. ఎయిర్‌బస్ పుట్టుకయే పంపకము. దాని రెక్కలు వేల్స్‌లోని బ్రౌటన్‌లో, మొండెపు భాగములు హాంబర్గులోను సాన్నజేరులోను, తోక భాగములు స్పెయినులోను జర్మనీలోను తయారగును. ఏబదేండ్లుగా ఆ సంసారము సాగుచునే యున్నది. సాగనిచోట ఏమి జరిగినదో చూడుడు. 2006లో ఎ380 అను రెండంతస్తుల విమానమునకు సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్తీగె అమర్చవలసియుండగా, హాంబర్గువారు తెచ్చిన తీగెలు తులూజ్‌లో అమర్చబోయిన చోట పొట్టివైనవి. జర్మనులు కంప్యూటరుపై గీసినది ఒక పద్ధతి. ఫ్రెంచివారు గీసినది దానికి తరువాత వచ్చిన పద్ధతి. వంపుల వద్ద తీగె ఎంత కావలయునో ఇరువురి లెక్కలు కలియలేదు. జానెడు పొట్టిదైనను తీగె తీగె కాదు. ఆ విమానము రెండేండ్లు వెనుకబడినది. పని నాలుగు దేశములలో నుండవచ్చును. కాని ఇది నాది, ఇది సరిపోవునో లేదో నేనే పోయి చూచెదను అనువాడు ఒకడుండవలయును. పంపకమున పని పోయినను ఆ మనుష్యుడు పోగూడదు.

ఆ మనుష్యుని ధర యెంత? లెక్కల ఉపాధ్యాయులకు నచ్చు సమాధానమొకటి కలదు. 1936లో టి.పి. రైట్ అను అమెరికా ఇంజనీరు విమాన కర్మాగారముల లెక్కలు పరిశీలించి ఒక సూత్రము ప్రకటించెను. ఎగిరిన రైట్ సోదరులు వేరు, ఈ రైట్ వేరు. కట్టిన విమానముల మొత్తము రెట్టింపైనప్పుడెల్ల, ఒక్కొక్క విమానమునకు పట్టు శ్రమ అయిదింట ఒకవంతు తగ్గునని దాని భావము. మొదటిదానికి వేయి గంటలు పట్టినదనుకొన్నచో రెండవదానికి ఎనిమిది వందలు, నాలుగవదానికి ఆరువందల నలుబది, ఎనిమిదవదానికి అయిదువందల పండ్రెండు. యంత్రము మారలేదు, నమూనా మారలేదు, చేయి మారినది. ఏ బోల్టు ముందు, ఏది వెనుక, ఎచ్చట రేకు మొండికెత్తును, ఎచ్చట నిచ్చెన వేసికొనవలయును అన్నవి చేతికి తెలిసినవి. ఈ జ్ఞానము ఏ పుస్తకమునను పూర్తిగా ఎక్కదు. పనివానితోడనే యింటికి పోవును.

విచిటా కర్మాగారము చరిత్ర గలది. రెండవ ప్రపంచయుద్ధమున బి-29 బాంబరులను వందలకొలది కట్టిన ఊరు అది. 2005లో బోయింగ్ దానిని ఒక పెట్టుబడిదారుల సంస్థకు అమ్మివేసినది. క్రొత్త పేరు స్పిరిట్ ఏరోసిస్టమ్స్. నిన్నటి స్వంత పనివాడు నేడు గుత్తదారుడైనాడు. గుత్తదారుడు గనుక ధర తగ్గింపుమని ఒత్తిడి మొదలైనది. 2018, 2019 సంవత్సరములలో 737 మాక్స్ విమానములు రెండు కూలి 346 మంది మరణించిన పిమ్మట, ఆ విమానముల తయారీ నిలిచిపోగా, 2020 జనవరిలో స్పిరిట్ సంస్థ 2,800 మందిని తీసివేసినది. వెంటనే మహమ్మారి వచ్చినది, మరికొందరు పోయిరి. ఎక్కువ జీతము, ఎక్కువ అనుభవము గలవారు చాలమంది మరల రాలేదు. రెండేండ్లకు గిరాకి పెరిగినది, క్రొత్తవారిని చేర్చుకొనిరి. రైట్ సూత్రము ప్రకారము వారు వేయి గంటల దగ్గరనుండి మొదలుపెట్టవలయును. కాని నెలకు ఇన్ని మొండెములు కావలయునను పట్టిక మాత్రము అయిదువందల పండ్రెండు గంటల లెక్కమీద వచ్చినది.

2023 ఆగస్టు 31న అట్టి మొండెమొకటి రైలు మీద రెంటన్ చేరినది. ఎడమప్రక్క, తలుపు అవసరములేని చోట తలుపు రంధ్రమును మూసిన పలక దగ్గర అయిదు రివెట్లు చెడియున్నవి. వానిని బాగుచేయుటకు ఆ పలకను తీయవలయును. తీసిరి. తీసినట్లు రికార్డులో వ్రాయవలయును. వ్రాయలేదు. వ్రాయలేదు గనుక దానిని మరల సరిగా బిగించితిరా యని పరీక్షించువాడు రాలేదు. పలకను పట్టియుంచవలసినవి నాలుగు బోల్టులు. నాలుగును లేవు. అక్టోబరు 31న విమానము కొన్నవారి చేతికి పోయినది. 2024 జనవరి 5వ తేదీ సాయంకాలము పోర్ట్‌లాండ్ నుండి 177 మందితో బయలుదేరిన ఆ విమానము పదునైదు వేల అడుగుల ప్రాంతమున నుండగా పలక ఊడిపోయినది. దాని ప్రక్కనే యున్న రెండు ఆసనములు ఆనాడు దైవవశమున ఖాళీగా నుండుటచేత ఎవరును మరణింపలేదు. ఊడిపోయిన పలక ఎచ్చట దొరకినది? పోర్ట్‌లాండ్‌లో ఒక ఉపాధ్యాయుని పెరటిలో! సంస్థ రికార్డులలో కనబడని సంగతి ఒక బడిపంతులు పెరటిలో చెట్ల మధ్య కనబడినది.

ఆ పలకను తీసినవారిని రాక్షసులుగా చిత్రించుట సులభము. అది న్యాయము కాదు. వ్రాయుటకు కాలము పట్టును. వ్రాసినచో పరీక్ష వచ్చును. పరీక్ష వచ్చినచో విమానము ఆగును. ఆగినచో పైవారు అడుగుదురు. ఆగనిచ్చువానిని మెచ్చుకొను యజమాని ఉన్నచోట పనివాడు వ్రాయును. ఆపినవానిని కనుబొమలు ముడిచి చూచు చోట ఎంత మంచివాని చేతిలోని కలమైనను ఆగును. బడులలో మాత్రము ఇట్టిది లేదా? వందకు వంద ఉత్తీర్ణత కావలయునని పైనుండి పట్టిక వచ్చినప్పుడు వెనుకబడిన విద్యార్థి వెనుకబడినాడని రిజిస్టరులో వ్రాయుటకు ఎందరికి చేయి వచ్చును? ఇది ప్రక్కదారి మాటయే. కాని రెంటన్‌లో జరిగినది గ్రహించుటకు ఉపాధ్యాయులకు ఇంతకంటె దగ్గరి త్రోవ లేదు.

పిమ్మట జరిగినవి త్వరగా చెప్పవచ్చును. నెలకు 38కి మించి ఆ విమానములు కట్టగూడదని అమెరికా ప్రభుత్వ విమానయాన శాఖ హద్దు పెట్టినది. 2025 అక్టోబరులో గాని దానిని 42కు పెంచలేదు. ఇరువది సంవత్సరముల క్రిందట అమ్మిన విచిటా కర్మాగారమును బోయింగ్ 2025 డిసెంబరులో తిరిగి తన గూటికి తెచ్చుకొన్నది. దానిలో ఎయిర్‌బస్‌కు పనిచేయు భాగములను ఎయిర్‌బస్ తీసికొన్నది. అమ్మునప్పుడు దానిని ఆర్థిక వివేకమనిరి, కొనునప్పుడును వివేకమనిరి. రెండు వివేకముల మధ్య నష్టపడినది ఎవరో వారు చెప్పలేదు.

దీనికి ఎదురువాదము ఉన్నది. ధరలు తగ్గింపకున్నచో టిక్కెట్టు ధర పెరుగును, సామాన్యుడు విమానమెక్కలేడు, గుత్తదారుల మధ్య పోటీయే నేటి చవక ప్రయాణమునకు కారణము అని. ఇందులో నిజమున్నది. కాని ఆ చవక లెక్కలో ఆలస్యమును కలిపి చూడవలయును. మన దేశమున గో ఫస్ట్ అను సంస్థ 2023 మేలో రెక్కలు ముడిచినది. కొన్న ఇంజనులు చెడిపోయి, బదులు ఇంజనులు రాక, తన విమానములలో సగము వరకు నేలపై నిలిచినవని అది చెప్పినది. ఇంజను కంపెనీ ఆ నిందను అంగీకరింపలేదు. తగవు ఎట్లున్నను 2025 జనవరిలో ఆ సంస్థ ఆస్తులను అమ్మి అప్పులు తీర్పుడని ట్రిబ్యునలు ఉత్తర్వు చేసినది. అదే ఇంజనుల తరగతిలో, 2015 నుండి 2021 వరకు చేసిన కొన్ని చక్రములకు వాడిన లోహపు పొడిలో మలినము చేరినదని 2023 జూలైలో తెలిసి, ప్రపంచమున వందలకొలది ఇంజనులను విప్పి చూడవలసివచ్చినది. కంటికి కనబడని మలినము అది. నేలపై నిలిచిన విమానమునకు అద్దె ఆగదు, పైలటు జీతము ఆగదు. ఉన్న విమానములు చాలక టిక్కెట్టు ధర పెరిగినప్పుడు దానిని ఇచ్చువాడు ఆ సామాన్యుడే. ఎయిర్‌బస్ సైతము 2025 డిసెంబరులో, ఒక సరఫరాదారు పంపిన మొండెపు రేకుల లోపమువలన ఆ యేటి లక్ష్యమును 820 నుండి 790 ప్రాంతమునకు తగ్గించుకొన్నది. తగ్గించుకొనుట మంచిదే. తగ్గించుకొనక పరుగెత్తినచో ఏమగునో ఆ ఉపాధ్యాయుని పెరడు చూపినది.

ఈ పరిశ్రమను బాగుచేయుటకు మాయోపాయములు లేవు. చిన్న గుత్తదారునికి పదేండ్ల పని ఉన్నదన్న నమ్మకము కలిగినచో వాడు యంత్రము కొనును, శిష్యుని చేర్చుకొనును. ఏడాదికొకసారి ధర తగ్గింపుమను తాఖీదు వచ్చినచో ఉన్న శిష్యుని పంపివేయును. గిరాకి పడిపోయిన రెండేండ్లు అనుభవజ్ఞుని సగము జీతముపైనైనను నిలుపుకొనుట, మరల వానిని వెదకుటకంటె చవక. ముఖ్యమైన భాగమునకు రెండవ చోటును, ఖర్చైనను, సిద్ధముగా నుంచుకొనవలయును. ఇవి క్రొత్త సంగతులు కావు. వాటాదారులకు ఈ మూడు నెలల లాభము చూపవలసినవాడు మాత్రము పదేండ్ల మాట వినడు.

హైదరాబాదు చెంత ఆదిబట్లలో టాటా, బోయింగ్ సంస్థలు కలిసి నడుపు కర్మాగారమున 737 విమానముల నిలువు తోకలు తయారగుచున్నవి. వానిలో మొదటిది 2023 జూలైలో రెంటన్‌కు బయలుదేరినది. తెలుగు పిల్లలు ఈ సరఫరా గొలుసును గూర్చి దూరపు కథగా చదువవలసిన కాలము అట్లు గడచిపోయినది. ఆ గొలుసులో ఒక కడియము వారి ఊరి ప్రక్కనే యున్నది. తోకతోకూడ ఒక కాగితముల కట్టయు సముద్రము దాటి పోవును. ఏ లోహము ఎచ్చటిది, ఎవరు చేసిరి, ఎవరు చూచి సంతకము పెట్టిరి అన్నవి అందులో ఉండును. ఆదిబట్లనుండి ఆ తోక వెళ్ళిన రెండు నెలలకు, అదే రెంటన్‌లో, పలక తీసినవారు వ్రాయక విడిచినది అట్టి కాగితమొక్కటే.